ఇద్దరితో మొదలైన బడి



మన బేర్ సరాయ్‌లో పాత పుస్తకాల కొట్లు మీరందరూ చూసే ఉంటారు. పోటీ పరీక్షలకు చదివే అన్నయ్యలు, అక్కయ్యలు అక్కడ పుస్తకాలు కొంటారు. ఉద్యోగం వచ్చాక అవే పుస్తకాలను తిరిగి అమ్మేసి వెళ్తారు. మరుసటి ఏడాది వాటిని ఇంకొకరు కొనుక్కుంటారు. మన బడి కూడా కొంచెం అలాంటిదే. నాన్నగారికి బదిలీ అయితే మీరు టీసీ తీసుకుని వెళ్తారు. మాకు బదిలీ అయితే రిలీవింగ్ ఆర్డరు తీసుకుని మేము వెళ్తాం. నేను ఉద్యోగంలో చేరాక ఇది నాకు అయిదో ఊరు. మా ఇంట్లో అట్టపెట్టెలు పారేయడం ఎప్పుడో మానేశాం. మళ్లీ ఎలాగూ కావాలి కదా!

ఇన్ని ఊళ్లు తిరిగినా ఒక సంగతి మాత్రం మారలేదు. తెలుగు తరగతిలో పిల్లలు ఎప్పుడూ తక్కువే. ఒక ఊళ్లో మొదటిరోజు నా తరగతికి వచ్చింది ఇద్దరే ఇద్దరు. నలభైమంది కూర్చోగలిగిన గదిలో ఇద్దరు పిల్లలు, ఎదురుగా నేను. ఆ సాయంత్రం కాస్త దిగులుగా మా తాతయ్యకు ఫోన్ చేశాను. ఆయన బందరులో చదువుకున్న మనిషి. నా మాట విని నవ్వి, మా నోబుల్ దొర బడి కూడా ఇద్దరితోనే మొదలైందిరా అని చెప్పారు. అప్పటిదాకా నాకు నోబుల్ అంటే ఒక కాలేజీ పేరు మాత్రమే. ఆ పేరు వెనక ఒక మనిషి ఉన్నాడని, ఆయన ఇరవైనాలుగేళ్లు ఒకే ఊళ్లో ఉండి పాఠాలు చెప్పాడని ఆ తర్వాతే తెలుసుకున్నాను. ఈ ఏడాది పత్రికకు ఆయన కథ రాయాలనిపించింది.

బందరు ఎక్కడ?

ఢిల్లీలో పుట్టి పెరిగిన మీకోసం ముందు ఊరి గురించి నాలుగు మాటలు. బందరు అసలు పేరు మచిలీపట్నం. కృష్ణా జిల్లాలో సముద్రం ఒడ్డున ఉంది. బందరు అంటే పర్షియన్ భాషలో రేవు అని అర్థం. 1605లో డచ్చివాళ్లు, 1611లో ఇంగ్లీషువాళ్లు వ్యాపారం కోసం ఇక్కడికి వచ్చారు. తర్వాత ఫ్రెంచివాళ్లూ వచ్చారు. ఇక్కడి కలంకారీ బట్టలు ఓడలెక్కి దూరదేశాలకు వెళ్లేవి. పెద్ద ఓడలు ఒడ్డుకు రాలేవు కాబట్టి, మనుషులనూ సరుకులనూ చిన్న పడవల్లో అలల మీదుగా చేరవేసేవారు.

మన కథ మొదలయ్యేనాటికి ఆ వైభవం చాలావరకు పోయింది. మద్రాసు, కలకత్తా పెద్ద రేవులయ్యాయి. ఇంగ్లండు మిల్లుల బట్ట వచ్చిపడి ఇక్కడి నేతగాళ్ల బతుకు దెబ్బతింది. పైగా 1832-33లో గుంటూరు, కృష్ణా ప్రాంతాలను ఘోరమైన కరువు పట్టి పీడించింది. నందన నామ సంవత్సరంలో వచ్చింది కనుక దాన్ని నందన కరువు అంటారు. ఎముకలు తేలిన మనుషులను తలచుకుని డొక్కల కరువు అని కూడా అన్నారు. ఆ కరువు పోయిన ఎనిమిదేళ్లకు, 1841లో, రాబర్ట్ టర్లింగ్టన్ నోబుల్ బందరులో అడుగుపెట్టారు.

ఇద్దరు స్నేహితులు

నోబుల్ 1809లో ఇంగ్లండులోని లెస్టర్‌షైర్ ప్రాంతంలో, ఫ్రిస్బీ అనే చిన్న ఊళ్లో పుట్టారు. తండ్రి ఆ ఊరి చర్చిలో గురువు. నోబుల్ కేంబ్రిడ్జిలో చదువుకుని తానూ చర్చి గురువు అయ్యారు. ఒంట్లో అంత బలం ఉన్న మనిషి కాదు. పదిమందిలో కలిసిపోయే స్వభావమూ కాదు.

ఆ రోజుల్లో బందరులో పనిచేసే ఇంగ్లీషు ఉద్యోగులు కొందరు చందాలు పోగుచేసి, తెలుగువాళ్ల మధ్య పనిచేయడానికి మనుషులను పంపమని లండనులోని చర్చ్ మిషనరీ సొసైటీని కోరారు. ఆ పిలుపు అందుకుని ఇద్దరు బయలుదేరారు. ఒకరు నోబుల్. రెండోవారు హెన్రీ వాట్సన్ ఫాక్స్. ఫాక్స్ నోబుల్ కంటే ఎనిమిదేళ్లు చిన్నవాడు. రగ్బీ బడిలో ఆనాటి ప్రసిద్ధ ప్రధానోపాధ్యాయుడు థామస్ ఆర్నాల్డ్ దగ్గర చదివి, ఆక్స్‌ఫర్డులో పట్టా పుచ్చుకున్నవాడు. 1841 మార్చిలో ఓడ ఎక్కితే మద్రాసు చేరేసరికి జూలై వచ్చింది. అప్పటికి సూయజ్ కాలువ లేదు. ఆఫ్రికా ఖండమంతా చుట్టి రావలసిందే.

ఇద్దరూ పని పంచుకున్నారు. ఫాక్స్ ఊరూరా తిరిగి మతబోధ చేయాలి. నోబుల్ ఊళ్లో ఉండి బడి పెట్టాలి. ఇక్కడ నాకు నచ్చిన విషయం ఒకటి చెప్తాను. నోబుల్ వచ్చీరాగానే బడి తెరవలేదు. రెండేళ్లపాటు ముందు తెలుగు నేర్చుకున్నారు. ముప్ఫై రెండేళ్ల వయసులో మన ఒత్తులూ దీర్ఘాలూ దిద్దుకుంటూ కూర్చున్నారు. మీలో కొందరు ళ, ణ పలకడానికి ఇబ్బందిపడి ఇది మాకు రాదు టీచర్ అంటుంటారు కదా, అలాంటప్పుడు నాకు ఆయనే గుర్తుకొస్తారు.

ఫాక్స్‌కు ఎక్కువ కాలం కలిసిరాలేదు. మన వాతావరణం ఆయన ఆరోగ్యానికి పడలేదు. భార్య చనిపోయింది. జబ్బుపడి ఇంగ్లండుకు తిరిగి వెళ్లి 1848లో, ముప్ఫై ఒక్క ఏళ్లకే కన్నుమూశారు. నోబుల్ మిగిలారు.

ఇద్దరు పిల్లలు

1843 నవంబరులో బడి తెరిచారు. మొదటిరోజు చేరింది ఇద్దరు.

ఎందుకంత తక్కువ? ఊళ్లో చదువు లేక కాదు. వీధిబడులు ఉన్నాయి. పంతులుగారు అరుగుమీద కూర్చుని ఇసుకలో అక్షరాలు దిద్దించేవారు. లెక్కలు, శతకాలు, రామాయణం చెప్పేవారు. సంస్కృతం చెప్పే పండితులున్నారు. పర్షియన్ నేర్పే మౌల్వీలున్నారు. కొత్తగా వచ్చిన దొర బడికి పిల్లవాడిని పంపడమంటే తల్లిదండ్రులకు భయం. అక్కడ ఏం నేర్పుతారో, పిల్లవాడు ఏమైపోతాడో అన్న సందేహం.

ఆ సందేహం ఊరికే పుట్టింది కాదు. నోబుల్ ఏదీ దాచుకోలేదు. తన బడిలో ఇంగ్లీషు, లెక్కలు, చరిత్ర, భూగోళంతోపాటు బైబిలు కూడా అందరూ చదవాలని ముందే స్పష్టంగా చెప్పారు. ఇష్టమైనవాళ్లే పంపవచ్చు. తన మతం మీద నమ్మకంతోనే ఆయన అంతదూరం వచ్చారు. దాన్ని మరుగుపరచి పిల్లలను చేర్చుకోవడం ఆయనకు ఇష్టం లేదు.

మెల్లగా పిల్లల సంఖ్య పెరిగింది. కారణాలు రెండు. మొదటిది బతుకుతెరువు. 1844లో గవర్నర్ జనరల్ హార్డింజ్ ఒక ఉత్తర్వు ఇచ్చారు. ప్రభుత్వ ఉద్యోగాల్లో ఇంగ్లీషు చదువుకున్నవాళ్లకు ముందు అవకాశం ఇవ్వాలని దాని సారాంశం. అదే కాలంలో గోదావరి మీద కాటన్ దొర ధవళేశ్వరం ఆనకట్ట కట్టిస్తున్నారు. కచేరీల్లో గుమాస్తాలు కావాలి, లెక్కలు రాసేవాళ్లు కావాలి. తండ్రులు లెక్క వేసుకున్నారు. రెండో కారణం నోబుల్ పాఠం చెప్పే తీరు. ఆయన కఠినమైన గురువు. సమయానికి రాకపోయినా, అబద్ధమాడినా ఊరుకునేవారు కాదు. అయితే పెళ్లి చేసుకోలేదు, వేరే వ్యాపకం పెట్టుకోలేదు. తన కాలమంతా బడికే ఇచ్చారు. ఆ సంగతి ఊరు గమనించింది.

అప్పుడు తెలుగునాట ఈ పని చేస్తున్నది నోబుల్ ఒక్కరే కాదు. 1842లో అమెరికా నుంచి హేయర్ అనే లూథరన్ గురువు గుంటూరు వచ్చి బడులు పెట్టారు. ఆంధ్రా క్రిస్టియన్ కాలేజీ చరిత్ర అక్కడి నుంచే మొదలవుతుంది. ఫ్రాన్సు, ఇటలీల మధ్య ఉన్న సవాయి ప్రాంతం నుంచి కాథలిక్ ఫాదరీలు 1846లో విశాఖపట్నం చేరారు. మరుసటి ఏడాది, 1847లో, వాళ్లు మొదలుపెట్టిన సెయింట్ అలోషియస్ బడి ఈనాటికీ ఆ ఊళ్లో ఉంది. ఇలా కోస్తా పొడుగునా నాలుగయిదేళ్లలో వేర్వేరు దేశాల నుంచి, వేర్వేరు చర్చిల నుంచి వచ్చినవాళ్లు బడులు తెరిచారు. అందరి దగ్గరా డబ్బు తక్కువే. అందరి ఎదుటా ఉన్న ప్రశ్న కూడా ఒక్కటే. తల్లిదండ్రుల నమ్మకం ఎలా సంపాదించాలి?

బడి ఖాళీ అయిన రోజు

1852లో ఆ ప్రశ్న నోబుల్ గుమ్మంలోకి వచ్చి నిలబడింది.

బడిలో పై తరగతులు చదివే ఇద్దరు యువకులు, మంచాల రత్నం, అయినాల భూషణం, తాము క్రైస్తవ మతం తీసుకుంటామన్నారు. ఇళ్లు వదిలి నోబుల్ ఇంటికి వచ్చేశారు. ఊరు అట్టుడికిపోయింది. కన్నవాళ్లు వచ్చి బతిమాలారు, ఏడ్చారు. జనం గుమిగూడారు. అధికారులు కల్పించుకోవలసి వచ్చింది. యువకులు తమ మాట మీదే నిలబడ్డారు.

మర్నాటినుంచి బడికి పిల్లలు రావడం మానేశారు. తొమ్మిదేళ్లు కష్టపడి ఒక్కొక్కరినీ కూడగట్టిన బడి ఖాళీ అయింది.

ఈ ఘట్టం గురించి చదివినప్పుడల్లా నేను రెండువైపులా ఆలోచిస్తాను. నోబుల్ వైపునుంచి చూస్తే, ఆయన ఎవరినీ మోసం చేయలేదు. బైబిలు చదివిస్తానని మొదటిరోజే చెప్పారు. వచ్చిన యువకులు పసిపిల్లలు కారు. వాళ్లను తలుపువేసి పంపేయడం ఆయన మనస్సాక్షికి ఒప్పలేదు. బడి పోయినా సరేననుకున్నారు.

తల్లిదండ్రుల వైపునుంచి చూస్తే, వాళ్లు పిల్లవాడిని చదువుకు పంపారు. కొడుకు చేతికి అందివస్తాడనుకున్నారు. ఆ రోజుల్లో మతం మారడమంటే ఇంటి గడప దాటి మళ్లీ లోపలికి రాకపోవడమే. పంక్తిలో భోజనం ఉండదు. తండ్రికి కొరివి పెట్టే కొడుకు ఉండడు. ఆ తల్లి ఇంట్లో ఆ రాత్రి పొయ్యి వెలిగి ఉండదని నేననుకుంటాను. బడి గురించి ముందే తెలిసి ఉండటం వేరు, ఆ కష్టం తన ఇంటికే రావడం వేరు.

ఉపాధ్యాయుడిగా నాకు ఇందులో ఒక పాఠం కనిపిస్తుంది. ప్రతి ఏప్రిల్ నెలలో తల్లిదండ్రులు మీ వేలు పట్టుకుని వచ్చి మా ముందు నిలబెడతారు. రోజులో ఆరుగంటలు మీ మనసులను మాకు అప్పగిస్తారు. మేము చెప్పే ప్రతి మాట మీలో ఎక్కడో నాటుకుంటుంది. నాటిన మాట ఎలా మొలుస్తుందో మా చేతుల్లో ఉండదు. అది చిన్న బాధ్యత కాదు. మన విద్యాలయాల్లో ఏ మతబోధా ఉండకపోవడం, ఎవరి నమ్మకం వాళ్ల ఇంటికీ మనసుకూ వదిలిపెట్టడం మన రాజ్యాంగం నేర్పిన పద్ధతి. ఆ పద్ధతి విలువ బందరు కథ చదివాక నాకు మరింత బాగా తెలిసింది.

మళ్లీ నిండిన బెంచీలు

ఖాళీ బడిని నోబుల్ మూసేయలేదు. ఊరు విడిచి వెళ్లలేదు. వచ్చిన కొద్దిమందితోనే పాఠాలు నడిపించారు. తన పద్ధతి మార్చుకోలేదు, కోపమూ పెట్టుకోలేదు. కొంతకాలానికి ఒక్కొక్కరే తిరిగి రాసాగారు. అదే ఏడాది బెజవాడ దగ్గర కృష్ణ మీద ఆనకట్ట పని మొదలై 1855లో పూర్తయింది. జిల్లా ముఖం మారిపోతోంది. చదువుకున్నవాళ్ల అవసరం పెరిగింది. 1857లో మద్రాసు విశ్వవిద్యాలయం ఏర్పడింది. మెట్రిక్యులేషన్ పరీక్ష వచ్చింది. ఊళ్లో ఉన్న బడికి ఇప్పుడు పైచదువుకు దారి దొరికింది. బడి మునుపటికంటే పెద్దదయింది.

ఆ తర్వాత కూడా కొందరు విద్యార్థులు మతం మారారు. మళ్లీ గొడవలయ్యాయి, మళ్లీ సంఖ్య తగ్గింది, మళ్లీ పెరిగింది. వారిలో జానీ ఆలీ అనే ముస్లిం యువకుడు తర్వాత కేంబ్రిడ్జికి వెళ్లి పట్టా తీసుకుని, కలకత్తాలో విద్యార్థులకు వసతిగృహం నడిపారు. రత్నం, భూషణం 1864లో చర్చి గురువులయ్యారు. కానీ నోబుల్ దగ్గర చదివినవాళ్లలో చాలా ఎక్కువమంది తమ మతంలోనే ఉండి, చదువు ముగించి, కచేరీల్లో ఉద్యోగాలు చేశారు. నోబుల్ శిష్యుడంటే లంచం ముట్టడని జిల్లాలో పేరుండేదని చెబుతారు. ఒక గురువుకు ఇంతకంటే మంచి సర్టిఫికెట్టు ఏముంటుంది?

కూర్చోనివ్వని పిల్లలు

ఇంతవరకు చదివి నోబుల్‌లో లోపమే లేదనుకోకండి. పెద్దవాళ్ల జీవితాలు రాసేటప్పుడు మంచి మాత్రమే రాసి ఊరుకోవడం మన పత్రికల్లో అలవాటు. అది సరికాదని నా అభిప్రాయం.

నోబుల్ బడి ప్రధానంగా పై కులాల పిల్లలకోసం, ముస్లిం కుటుంబాల పిల్లలకోసం నడిచింది. మాల, మాదిగ పిల్లలను ఆయన తన తరగతిలో చేర్చుకోలేదు. వాళ్లను చేర్చుకుంటే మిగతావాళ్లు వెళ్లిపోతారని ఆయన భయం. ముందు పై కులాలవారిలో మార్పు వస్తే అది కిందికి దిగుతుందని ఆయన లెక్క. ఆనాడే కొందరు దీన్ని తప్పుపట్టారు. తర్వాతి చరిత్ర కూడా ఆయన లెక్క తప్పని చూపించింది. కృష్ణా, గుంటూరు జిల్లాల్లో క్రైస్తవ సంఘాలు పెరిగింది ఎక్కువగా మాల, మాదిగ పల్లెల్లోనే. చదువుకోసం అందరికంటే ఎక్కువగా ఎదురుచూసింది కూడా వాళ్లే.

తన నమ్మకం కోసం ఊరంతటినీ ఎదిరించి, బడి ఖాళీ అయినా బెదరని మనిషి, ఈ ఒక్కచోట ఊరి కట్టుబాటుకు తల వంచారు. మంచాల రత్నంకోసం తెరిచిన తలుపు ఒక మాదిగ పిల్లవాడికోసం తెరవలేకపోయారు. ఆయనంటే నాకున్న గౌరవం దీనివల్ల పోలేదు. కానీ ఆ గౌరవం పక్కనే ఈ బాధ కూడా ఉంది. ఇవాళ మన తరగతిలో ఎవరి పక్కన ఎవరు కూర్చున్నా ఎవరూ అడగరు. అది దానంతట అదే వచ్చింది కాదు. అందుకోసం ఎందరో పోరాడారు.

ఆడపిల్లల చదువు సంగతి కూడా చెప్పాలి. నోబుల్ బడి మగపిల్లలకే. అయితే అదే ఊళ్లో, అదే మిషనులో పనిచేసిన షార్కీ దంపతుల్లో శ్రీమతి షార్కీ ఆడపిల్లలను తమ దగ్గరే ఉంచుకుని చదివించేవారు. కందుకూరి వీరేశలింగం పంతులుగారు ధవళేశ్వరంలో బాలికల పాఠశాల పెట్టింది 1874లో. బందరులో ఈ ఆడపిల్లలు అంతకు పాతికేళ్లకు పైగా ముందే అక్షరాలు దిద్దారు. వారిలో చాలామందికి ఏమైందో ఇప్పుడు చెప్పబోతున్నాను.

ఉప్పెన

1977లో దివిసీమ ఉప్పెన గురించి మీ అమ్మమ్మలు, తాతయ్యలు చెప్పగా విని ఉంటారు. అంతకు 113 ఏళ్ల ముందు, 1864 నవంబరు 1 రాత్రి, బందరును అలాంటిదే మరొక ఉప్పెన ముంచింది. నెల కిందటే ఒక తుపాను కలకత్తాను నాశనం చేసింది. ఇది రెండోది. సాయంత్రం నుంచి గాలి పెరిగింది. రాత్రి చీకట్లో సముద్రం ఊళ్లోకి వచ్చింది. నాలుగు మైళ్లో అయిదు మైళ్లో కాదు, కొన్నిచోట్ల పదిహేను మైళ్లకు పైగా లోపలికి నీళ్లు వెళ్లాయి. తెల్లవారేసరికి బందరులోనూ, చుట్టుపక్కల ఊళ్లలోనూ కలిపి సుమారు 30,000 మంది చనిపోయారు. బావులన్నీ ఉప్పునీళ్లయ్యాయి. బతికినవాళ్లకు తాగడానికి నీళ్లు లేవు, చనిపోయినవాళ్లను సాగనంపడానికి మనుషులు లేరు. శ్రీమతి షార్కీ దగ్గర చదువుకుంటున్న ఆడపిల్లల్లో చాలామంది ఆ రాత్రి నీళ్లలో పోయారు.

నోబుల్ బతికారు. ఇరవైమూడేళ్లుగా తాను కళ్లారా చూసిన ఊరు ఒక్క రాత్రిలో లేకుండా పోయింది. హాజరుపట్టీలో ఎన్ని పేర్లు పిలిస్తే జవాబు రాలేదో ఊహించుకోండి. మనం సెలవుల తర్వాత బడి తెరిచి పేర్లు పిలుస్తాం. ఎవరైనా పలకకపోతే టీసీ తీసుకున్నాడేమో అనుకుంటాం. ఆయనకు ఆ వీలు లేదు.

అప్పటికే ఆయన ఆరోగ్యం బాగాలేదు. ఇంగ్లండుకు వెళ్లి కోలుకుని రావచ్చు. చాలామంది దొరలు అలాగే వెళ్లివచ్చేవారు. నోబుల్ మాత్రం వచ్చినప్పటినుంచి ఒక్కసారి కూడా వెళ్లలేదు. ఉప్పెన తర్వాత కూడా వెళ్లలేదు. ఏడాది తిరక్కుండానే, 1865 అక్టోబరు 17న, బందరులోనే కన్నుమూశారు. ఓడ దిగిన నాటినుంచి ఇరవైనాలుగేళ్లు. సొంత ఇల్లు లేదు, సంసారం లేదు. ఉన్నదల్లా ఒక బడి.

ఆ తర్వాత

ఆ బడికి ఆయన పేరే నిలిచింది. హైస్కూలుగా ఎదిగింది. దానికి కాలేజీ తరగతులు చేరాయి. నోబుల్ కాలేజీ అంటే కృష్ణా జిల్లాలో చదువుకు మారుపేరయింది. రఘుపతి వెంకటరత్నం నాయుడు గారు కొంతకాలం అక్కడ పాఠాలు చెప్పారు. కులభేదాలు పోవాలని, అనాథలను, అంటరానివారుగా చూడబడిన పిల్లలను చేరదీయాలని జీవితమంతా పాటుపడిన మహానుభావుడు ఆయన. ఆ బడి మొదట్లో మూసి ఉంచిన తలుపు గురించి ఇందాక చెప్పాను కదా. అదే ప్రాంగణంలో నిలబడి ఇలాంటి మనిషి పాఠం చెప్పడం నాకు తృప్తినిచ్చే విషయం.

అక్కడ చదివినవాళ్లలో కోపల్లె హనుమంతరావు, ముట్నూరి కృష్ణారావు, భోగరాజు పట్టాభి సీతారామయ్య ఉన్నారు. ఈ ముగ్గురు మిత్రులు 1910లో బందరులోనే ఆంధ్ర జాతీయ కళాశాల స్థాపించారు. ఇంగ్లీషు ప్రభుత్వ సాయం అక్కరలేకుండా మన పిల్లలకు చదువుతోపాటు చేతిపనులు, చిత్రలేఖనం నేర్పాలని వారి ఉద్దేశం. ముట్నూరివారు కృష్ణాపత్రిక సంపాదకులుగా తెలుగువాళ్లకు స్వాతంత్ర్యం గురించి ఆలోచించడం నేర్పారు. పట్టాభి గారు 1923లో ఆంధ్రా బ్యాంకు పెట్టారు, కాంగ్రెసు చరిత్ర రాశారు. ఇంగ్లీషు దొర పెట్టిన బడిలో చదివినవాళ్లు ఇంగ్లీషు ప్రభుత్వం పోవాలని పనిచేశారు. నోబుల్ బతికి ఉంటే దీన్ని ఊహించి ఉండరు. మెచ్చుకునేవారని కూడా నేను చెప్పలేను. ఆయన ఒకందుకు బడి పెట్టారు. ఊరు దాన్ని తనకు కావలసినదానికి వాడుకుంది. పిల్లలు గురువు దగ్గర చదువు తీసుకుంటారు, దారి మాత్రం తామే వెతుక్కుంటారు.

మన సంగతి

నోబుల్‌కు, నాకు పోలికే లేదు. ఆయన ఇరవైనాలుగేళ్లు ఒకే ఊళ్లో ఉన్నారు. నేను ఏ ఊళ్లోనూ మూడునాలుగేళ్లకు మించి ఉండలేదు. ఇక్కడి నుంచి కూడా ఒకరోజు వెళ్తాను. మీలో సగంమంది అంతకుముందే వెళ్లిపోతారు. మొదట్లో దీని గురించి చాలా బాధపడేదాన్ని. ఎక్కడా వేరు పట్టని చెట్టు ఏం నీడ ఇస్తుందనుకునేదాన్ని.

ఈ మధ్య అలా అనిపించడం లేదు. మొదట్లో చెప్పాను కదా, ఒక ఊళ్లో నా తరగతిలో ఇద్దరే పిల్లలని. వాళ్లలో ఒకమ్మాయి పోయిన సంక్రాంతికి నాకు కార్డు పంపింది. వాళ్ల నాన్నగారికి మళ్లీ బదిలీ అయిందట. ఇప్పుడున్న ఊళ్లో తెలుగు చెప్పేవాళ్లు లేరట. అందుకని ఆదివారాలు తమ్ముడికి తానే గుణింతాలు దిద్దిస్తోందట. కార్డంతా తెలుగులోనే రాసింది. రెండుచోట్ల ఒత్తులు తప్పాయి. నేను దిద్దలేదు. అలాగే దాచుకున్నాను.

పిల్లలూ, ఈ వేసవికి మీలో ఎవరైనా అమ్మమ్మగారి ఊరికి వెళ్తూ విజయవాడలో దిగితే, అక్కడినుంచి బందరు రెండుగంటల ప్రయాణం. బందరు లడ్డు ఎలాగూ కొంటారు. దానితోపాటు నోబుల్ పేరున్న ఆ పాత బడి ఎక్కడుందో అడిగి చూసి రండి. పక్కన పెద్దవాళ్లెవరైనా ఉంటే వాళ్లు ఎక్కడ చదువుకున్నారో, వాళ్లకు పాఠం చెప్పినవాళ్లెవరో అడగండి. తిరిగివచ్చాక ఒక పేజీ రాసి నాకు ఇవ్వండి. వచ్చే ఏడాది పత్రికలో వేద్దాం. అప్పటికి నేను ఇక్కడ లేకపోతే, నా తర్వాత వచ్చే టీచరుగారికి ఇవ్వండి.

— మీ తెలుగు టీచర్